గ్రాఫులో మొలిచిన సూది

"నిన్న సాయంత్రం నుంచీ మెతుకు ముట్టలేదు మేడమ్. ఏమడిగినా ఒకటే పాట, నేను చంపలేదంటాడు. చివరి పేషెంట్ ఎవర్రా అంటే మాత్రం నోటికి తాళం పడిపోతుంది," అంటూ హెడ్ కానిస్టేబుల్ లాకప్ తలుపు తీశాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న టెక్నీషియన్ లేచి నిలబడ్డాడు. స్కాన్ సెంటర్ వాళ్ల నీలం చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. మోచేతులదాకా అంటిన నెత్తురు ఎండి నల్లబడింది. ఎడమ చెంప బూరెలా వాచింది.

"కొట్టిందెవరు?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"స్పెషల్ టీం ఆఫీసరుగారే స్వయంగా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్, ఆ ముక్క చెప్పొచ్చో లేదో తేలక నసుగుతూ. ఆ ఆఫీసరుకి పేపర్లవాళ్లు 'మెరుపు' అని పేరు పెట్టారు. ఏ కేసైనా తెల్లారేసరికి తేల్చేస్తాడని. తేల్చేది కేసునా, దొరికినవాడినా అన్నది పేపర్లవాళ్లు అడగలేదు.

ఆమె హెడ్ కానిస్టేబుల్‌ని బయట ఉండమని చెప్పి, స్టూలు లాక్కుని కూర్చుంది. "మొదటినుంచీ చెప్పు."

"చెప్పిందే మళ్లీ చెప్పాలి మేడమ్. సెంటర్ కట్టేసే వేళకి ఒక పేషెంట్ వచ్చారు. పేరూ ఊరూ అడక్కుండా స్పెక్ట్రోస్కోపీ అనే మెదడు స్కాన్ చెయ్యమని డాక్టరుగారు ముందే చెప్పారు. చేశాను. పేషెంట్‌ని వీధి గుమ్మందాకా దిగబెట్టి, గ్రాఫ్ తీసుకుని డాక్టరుగారి గదికి వెళ్లాను. నేలమీద ఉన్నారు. తల పగిలిపోయి ఉంది. లేపి ఒళ్లో పెట్టుకున్నాను గానీ, అప్పటికే లేరు."

"పోలీసులకి ఫోన్ చేసిందెవరు?"

"నేనే. ఫోను ఇంకా జేబులో పెట్టుకోనే లేదు, ఆ ఆఫీసరుగారు గుమ్మంలో ఉన్నారు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాటను మనసులో ఒక మూల దాచింది. "స్కాన్ నడుస్తున్నంతసేపూ నువ్వెక్కడున్నావు?"

"కంప్యూటర్ ముందు కుర్చీలోనే. మైకులో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ పేషెంట్‌కి లోపల భయం. కాస్త ఊసుపోక కబుర్లు చెప్పకపోతే తల కదిపేసేట్టున్నారు. కదిపితే గ్రాఫ్ పాడైపోతుంది."

"నువ్వు కుర్చీలోనే ఉన్నావని సాక్ష్యం ఎవరు చెబుతారు?"

"ఆ పేషెంటే చెప్పాలి. ఇంకెవరున్నారు?"

"అయితే ఆ మనిషెవరో చెప్పవయ్యా!"

అప్పుడు అతను మొదటిసారి తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. చూసి, మళ్లీ దించుకున్నాడు. "తెలియదు మేడమ్. ముసుగు కప్పుకుని వచ్చారు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ ముసుగు ఇప్పుడు ఆమె ఇంట్లో, బీరువాలో బట్టల అడుగున ఉంది. నిన్న సాయంత్రం ఆ స్కాన్ యంత్రం సొరంగంలో పడుకున్న పేషెంట్ ఆమే.

డిపార్ట్‌మెంట్‌లో ఆమెను 'కాగితం అక్కర్లేని మేడమ్' అంటారు. పాత నేరస్తుల ముఖాలు, బండ్ల నంబర్లు, ఎవరు ఏ పూట ఏ అబద్ధం చెప్పారో అన్నీ నోటికి వచ్చు. అలాంటి మనిషి ఈమధ్య కోర్టు బోనులో నిలబడి, తాను పట్టుకున్న ముద్దాయి పేరే మరిచిపోయింది. రోజూ వెళ్లే దారిలో ఎటు తిరగాలో తెలియక బండి పక్కకు ఆపుకుని కూర్చుంది. వాళ్లమ్మకూ ఇలాగే మొదలైంది. చివరి రోజుల్లో ఆవిడ చుట్టాలముందు కూతుర్ని పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు, మా అమ్మాయి స్నేహితురాలివా?" అని అడిగితే, కూతురు సిగ్గుపడి ఆవిణ్ణి లోపలి గదిలో పెట్టి తలుపు వేసింది. ఆ తలుపు ఇప్పుడు తన ముఖాన పడబోతోందని ఆమె భయం. అందుకే గ్రాఫుల డాక్టరును చాటుగా కలిసింది, ముసుగు వేసుకుని వెళ్లింది. డాక్టరు చచ్చిపోయాడని తెలిసిన క్షణం నుంచీ దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చుంది.

ఒక్క మాట చెబితే ఈ కుర్రాడు బయటపడతాడు. ఆ ఒక్క మాట చెబితే ఆమె ఉద్యోగం, పేరు, ఇన్నాళ్లూ చెప్పిన సాక్ష్యాలు అన్నీ నవ్వులపాలవుతాయి. రాత్రంతా ఈ రెండింటినీ తూచి, సిగ్గులేకుండా తనవైపే మొగ్గింది.

ఆమె లేచింది. గుమ్మం దాటబోతుండగా వెనకనుంచి చాలా నెమ్మదిగా వినిపించింది.

"నిన్న లేవగానే కళ్లు తిరిగాయన్నారు కదా మేడమ్. తగ్గిందా?"

ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అంది.

"లోపల పడుకున్నవాళ్ల సంగతి బయటికి పోకూడదని నేను ఉద్యోగంలో చేరిన రోజే డాక్టరుగారు మాట తీసుకున్నారు. చెప్పుకుంటే మీరే చెప్పుకోవాలి గానీ, నేను చెప్పేదేముంది?"

దెబ్బలు తిన్నవాడు మాట నిలబెట్టుకుంటున్నాడు. దెబ్బ తగలనిది దాక్కుంటోంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వరండాలో హెడ్ కానిస్టేబుల్ దగ్గాడు. ఆమె ఆ నిజాన్ని మింగేసి, స్కాన్ సెంటర్‌కి జీపు తీయమంది. ఆ క్షణంలో తనమీద తనకు పుట్టినంత అసహ్యం ఆమెకు ఏ హంతకుడిమీదా పుట్టలేదు.

* * *

స్కాన్ సెంటర్‌లో డాక్టరు కోడలు ఒక్కతే ఉంది. ఆవిడ అక్కడే ఫిజిసిస్టు. యంత్రం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే పని. కళ్లు వాచిపోయి ఉన్నాయి గానీ చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి.

"ఇంటిదగ్గర ఏడ్చేవాళ్లు చాలామంది ఉన్నారు మేడమ్. మామయ్య పని తెలిసింది నాకొక్కదానికే," అంది, అడగకుండానే.

ఇన్‌స్పెక్టర్ ముందు గదులు చూసింది. వీధి గుమ్మం దగ్గర ఒక కెమెరా ఉంది. అందులో ముసుగు కప్పుకుని ప్యాంటు, బూట్లు వేసుకున్న ఒక ఆడమనిషి తప్ప, హత్యకు ముందు బయటివాళ్లెవరూ పడలేదు. వెనకవైపు జనరేటర్ పక్కన ఇంకో గుమ్మం ఉంది. దానికి గడియే తప్ప కెమెరా లేదు. అక్కడినుంచి సన్నటి నడవ. నడవకు ఒకవైపు అయస్కాంతం ఉన్న గది తలుపు, చివర డాక్టరు గది. కంప్యూటర్ గది నడవకు ఇవతలి చివర, అయస్కాంతం గదికి ఆనుకుని ఉంది. దాని గాజు కిటికీలోంచి చూస్తే లోపల సొరంగం, అందులోకి జరిగే బల్ల కనిపిస్తాయి. తలుపు మాత్రం కిటికీ ఉన్న గోడలోనే ఉండడంతో కుర్చీలో కూర్చున్నవాడికి కనిపించదు.

"నిన్నటి చివరి గ్రాఫ్ ఉందా?" అని అడిగింది, మామూలుగా అడిగినట్టు.

కోడలు దాన్ని తెరమీదికి తెచ్చింది. ఎత్తుపల్లాల గీత ఒకటి వంకర్లు తిరుగుతూ పరుచుకుంది. తన లోబట్టలు నడివీధిలో ఆరేసినట్టనిపించి ఇన్‌స్పెక్టర్ చూపు తిప్పుకుంది.

"మామూలు స్కాన్ మెదడు బొమ్మ తీస్తుంది మేడమ్. ఇది బొమ్మ తీయదు. మెదడులో అగ్గిపెట్టెకన్నా చిన్న ముక్కని ఎంచుకుని, అందులో ఏ రసాయనం ఎంతుందో చెబుతుంది. సూది గుచ్చక్కర్లేదు, కోత పెట్టక్కర్లేదు. ఈ పొడుగు శిఖరం చూశారా? నరాల కణాలు బాగుంటే ఇది నిటారుగా ఉంటుంది. కణాలు దెబ్బతింటే కుంగుతుంది. ఇదొక్కటి చూసి జబ్బు ఇదీ అని ఎవరూ తేల్చరనుకోండి, కానీ మంచి ఆనవాలు. ఇక్కడ..."

"ఈ పేషెంట్ సంగతి నాకొద్దు," అంది ఇన్‌స్పెక్టర్ గబగబా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని తనకే అనిపించి, చెవులు వేడెక్కాయి. మాట మార్చడానికి తెరమీద వేలు పెట్టింది. "ఇదేమిటి, సూదిలా లేచింది?"

కోడలు ముందుకు వంగింది. మిగతా శిఖరాలన్నీ కొండల్లా వాలుగా ఉంటే, ఇది సన్నగా, నిలువునా, ఏ రసాయనానికీ చెందని చోట మొలిచి ఉంది.

"ఇది మెదడులోది కాదు. బయటి రేడియో. ఆ గది గోడలకీ పైకప్పుకీ తలుపుకీ రాగిరేకు తొడిగి ఉంటుంది. తలుపు బిగిస్తేనే పెట్టెకి మూత పెట్టినట్టు. పని నడుస్తుండగా తలుపు తెరిస్తే బయటి రేడియో లోపలికి దూరి ఇలా గీత గీస్తుంది." కోడలు ఇంకేవో మీటలు నొక్కింది. గీత చిన్నచిన్న ముక్కలుగా విడిపోయింది. "కొలత ఒక్కసారిగా జరగదు, కొంచెం కొంచెంగా పోగవుతుంది. చూడండి, మొదట్లో సూది లేదు. మధ్యలో వచ్చింది. మళ్లీ పోయింది. ఎవరో తలుపు తీసి, చూసి, మూశారు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ అంచు పట్టుకుంది. సొరంగంలో పడుకుని ఉండగా పాదాలకు చల్లగాలి కాకుండా బయటి వెచ్చటి గాలి తగలడం ఆమెకు గుర్తుంది. సరిగ్గా అదే సమయానికి చెవుల్లో టెక్నీషియన్ గొంతు, వాళ్లావిడ ఉప్పు వెయ్యడం మరిచిపోయి తనమీదే ఎగిరిన కథ చెబుతోంది. రాత్రంతా ఆ జ్ఞాపకాన్ని ఆమె నమ్మలేకపోయింది. మతిపోతున్న మనిషి కల్పించుకున్నదేమో అనుకుంది. ఇప్పుడు ఆ సూది అది నిజమేనంటోంది. ప్రాణం లేచొచ్చినంత సంతోషం కలిగింది. ఆ సంతోషం ముందు తన గురించే గానీ లాకప్‌లో ఉన్నవాడి గురించి కాదని గ్రహించి, ఉన్న కాస్త సంతోషమూ సిగ్గుగా మారింది.

"డాక్టరుగారి మీద ఎవరికైనా కక్ష ఉందా?"

కోడలు నడవవైపు చూసి గొంతు తగ్గించింది. "మామయ్య ఇవాళ కోర్టుకి వెళ్లాలి మేడమ్. స్పెషల్ టీం వాళ్లు పట్టుకున్న లారీ డ్రైవరు ఒకతను ఆస్పత్రిలో స్పృహలేకుండా ఉన్నాడు. తాగి మూర్ఛ వచ్చిందని వాళ్లంటారు. ఆస్పత్రివాళ్లు ఇక్కడికి పంపారు. అతని గ్రాఫులో నరాల కణాల శిఖరం కుంగిపోయింది, ఊపిరందని కణాల్లో పేరుకునే లాక్టేట్ ఇంతెత్తున లేచింది. మూర్ఛలో కూడా అది కొంచెం పెరుగుతుంది గానీ, ఇది ఆ లెక్క కాదు. ఎవరో ముక్కూ నోరూ నొక్కి ఊపిరాడనివ్వలేదని మామయ్య అభిప్రాయం. ఆ మాటే జడ్జిగారికి చెబుతానన్నారు."

"ఎవరో కాదమ్మా, తాగుడే నొక్కింది," అంది గుమ్మంలోంచి ఒక మగగొంతు.

* * *

మెరుపు పేరుకు తగ్గట్టే చప్పుడు లేకుండా వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నవ్వు.

"నా ముద్దాయిని నాకు చెప్పకుండా ప్రశ్నించారట!"

"నా స్టేషన్ లాకప్‌లో ఉన్నవాడు నా ముద్దాయి. వాడి చెంపమీద మీ వేలిముద్రలు మాత్రం ఉన్నాయి."

"కొట్టక ముద్దు పెట్టుకోమంటారా? చచ్చేలా కొట్టినా ఆ పేషెంట్ గురించి ఒక్క ముక్క కక్కలేదు. లావా సన్నమా, ముసలిదా పడుచుదా, ఏదీ చెప్పలేదు. ఆ ముసుగు మనిషీ వీడూ కలిసి చేసిన పని ఇది. అది దొరికితే కేసు క్లోజ్."

"కేసు ఆ గది తలుపు దగ్గర ఉంది. చూపిస్తాను, రండి."

కోడలు అడ్డొచ్చింది. "అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది సార్. ఇనుముతో లోపలికి వెళ్లకూడదు. రివాల్వర్లు, తాళంచెవులు, ఫోన్లు, బెల్టులు అన్నీ ఇక్కడ పెట్టండి."

"బెల్టు కూడానా? ప్యాంటు జారితే కేసు మీరు రాసుకుంటారా?" అని విసుక్కుంటూనే అతను అన్నీ తీసి ఆవిడ ముందున్న బల్లమీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ తన రివాల్వర్ కూడా పక్కనే పెట్టి, బూట్లు విప్పింది.

సొరంగంలోకి జరిగే బల్లమీద తల ఉండే చోట కోడలు ఒక గుండ్రటి సీసా అమర్చింది. అందులో మెదడులో ఉండే రసాయనాలే నీళ్లలో కలిపి ఉంటాయి, యంత్రాన్ని పరీక్షించడానికి. ఆవిడ బయటికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇద్దరు పోలీసులూ లోపల మిగిలారు. తలుపు మూసుకుంది, యంత్రం దబదబలాడింది.

"ఇప్పుడు తలుపు తీయండి," అంది ఇన్‌స్పెక్టర్. అతను తీశాడు. "మూయండి." మూశాడు.

కాసేపటికి దబదబ ఆగింది. స్పీకర్ బరబరమంది. "వచ్చింది మేడమ్. అదే సూది, అదే చోట," అని కోడలి గొంతు పలికి ఆగిపోయింది.

అతను చప్పట్లు కొట్టాడు. "సోది బాగుంది. తలుపు ఎవరో తీశారు, సరే. ఆ టెక్నీషియన్ వెధవే తీసుంటాడు."

"తలుపు తెరుచుకున్నప్పుడు అతను మైకులో మాట్లాడుతున్నాడు."

"వాడు చెప్పాడా?"

"పేషెంట్ చెప్పింది."

అతని నవ్వు సగంలో ఆగింది. "దొరికిందా? ఎక్కడ?"

 లాకప్‌లో వాచిన ఆ చెంప ఆమె కళ్లముందు మెదిలింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఈ జన్మలో చెప్పలేనని తెలిసిపోయింది.

"నేనే ఆ పేషెంట్‌ని," అంది. మొదటి మాట రాయిలా పడింది గానీ, తర్వాతివి ఆగలేదు. "నాకు మతిమరుపు వస్తోంది. పేర్లు మరిచిపోతున్నాను, దారులు మరిచిపోతున్నాను. ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందని ముసుగేసుకుని వచ్చాను. ఏ పాపం ఎరగని మనిషి నాకోసం రాత్రంతా దెబ్బలు తిన్నాడు, నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఈ మాట మీతో చెప్పాల్సి వచ్చినందుకు కాదు. ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"మీరా! ఆ ఎర్ర సాక్సుల కాళ్లు మీవా!"

ఆమె కిందికి చూసుకుంది, ఇవాళ కాళ్లకున్నవి ఖాకీ సాక్సులు.

ఆ ఎర్ర సాక్సులు నిన్న ఆమె బూట్ల లోపల ఉన్నాయి. బూట్లు విప్పింది ఈ గది గుమ్మం దగ్గర, తొడుక్కున్నదీ ఇక్కడే. వాటిని చూసినవాడు టెక్నీషియన్ ఒక్కడు. అతను ఒక్క ముక్క కక్కలేదని ఇప్పుడే ఈ మనిషే ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది, సొరంగంలోంచి బయటికి చాచి ఉన్న పాదాలను ఆ తలుపు సందులోంచి చూసినవాడు.

"నిన్న ఈ తలుపు తీసింది మీరు," అంది ఆమె.

అతని ముఖం పాలిపోయింది. అది ఎంతోసేపు ఉండలేదు. చొక్కా సర్దుకుని, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మెత్తగా మాట్లాడాడు.

"నేనేమన్నాను మేడమ్? ఎర్ర సాక్సులన్నానా, నీలం అన్నానా? అసలు సాక్సులన్నానా? బాగా ఆలోచించి చెప్పండి. రేపు లాయరు ఇలాగే అడుగుతాడు. పేర్లు మరిచిపోతారట, దారులు మరిచిపోతారట. మీ నోటితోనే చెప్పారు. ఈ గదిలో మీరూ నేనూ తప్ప ఎవరూ లేరు. మతిలేనమ్మ మాట నమ్ముతారా, మెరుపు మాట నమ్ముతారా?"

ఆమె దాచుకున్న సిగ్గును పైకి తీసి, దానితోనే ఆమె గొంతు నొక్కుతున్నాడు. లారీ డ్రైవరుకు ఊపిరాడనివ్వనిది ఈ చేతులేనని ఆమెకు ఇంక సందేహం లేదు.  అతని భుజం మీదుగా గాజు కిటికీవైపు చూసింది. అటు వీపు పెట్టి ఉన్న అతనికి కనిపించలేదు గానీ, కోడలు కుర్చీలోంచి లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

బయటివాళ్లు లోపలికి మాట్లాడాలంటే మీట నొక్కాలి. లోపలి మాట వినడానికి ఏ మీటా అక్కర్లేదు. పేషెంట్ పిలిస్తే వినపడాలి కాబట్టి లోపలి మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నిన్న సొరంగంలో భయపడి ఆమె "అమ్మా, అమ్మా" అని తనలో తాను గొణుక్కుంటే, "నేనున్నానండీ" అని బదులు వచ్చింది. అది టెక్నీషియన్ విన్నాడే అని అప్పుడు చచ్చేంత సిగ్గుపడింది. ఇప్పుడు ఆమె నోరు మెదపకుండా, నువ్వూ మాట్లాడకమ్మా, చప్పుడు చెయ్యకుండా బయటికి పో అని కళ్లతోనే బతిమాలింది.

కానీ ఆవిడ చచ్చిపోయినవాడి కోడలు. స్పీకర్ బరబరమంది.

"ఎర్ర సాక్సులనే అన్నాడు మేడమ్," అంది కోడలి గొంతు. "నేను విన్నాను. మా మామయ్యని చంపింది వీడే."

మెరుపు గిరుక్కున తిరిగి కిటికీవైపు చూశాడు. గాజుకు అవతల కోడలు ఒక్కతే ఉంది. ఆవిడ ముందు బల్లమీద రెండు రివాల్వర్లు ఉన్నాయి. హెడ్ కానిస్టేబుల్ ఎక్కడో వీధిలో, జీపు దగ్గర ఉన్నాడు.

తలుపుకు అతనే దగ్గరగా ఉన్నాడు.